గుండ్లచెరువు మత్తడి

సుబేదారి, హనుమకొండ
ఫిబ్రవరి 6

నవతక్కకు,

ఫోన్ చేస్తే నువ్వు అరుస్తావు, నేను అరుస్తాను, చివరికి బావ నీ చేతిలోంచి ఫోన్ లాక్కుని పెట్టేస్తాడు. పోయిన నెల అదే జరిగింది. "ఏమన్న చెప్పేదుంటే కాయితం మీద రాసి పంపు, కాయితం గొంతు పెంచది" అన్నావు. ఆఫీసులో రోజంతా నోట్సు రాసే ఇంజినీరును, సొంత అక్కకు ఉత్తరం రాయడానికి పొద్దుటి నుంచి కాగితాలు చింపుతున్నాను. నవ్వుకో.

సంగతేమిటంటే, గుండ్లచెరువు కట్ట మళ్లీ కట్టడానికి ప్లాన్ తయారుచేసే పని నాకు అప్పగించారు. మా అక్క కాపురం ఆ కట్ట కిందే అని ఎవరికో తెలిసి ఇచ్చారనుకోకు. ఆ ఫైలు ముట్టుకోవడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు.

నిన్న వెళ్లి చూసి వచ్చాను. కట్ట తెగిన ఈ రెండేళ్లలో చెరువంతా సర్కారు తుమ్మ మొలిచింది. పడవల రేవు దగ్గర బాతు పడవ ఒకటి బురదలో ఒరిగి అలాగే ఎండిపోయింది. ఆదివారం సాయంత్రం కాలు పెట్టే సందు లేకుండా ఉండే కట్ట మీద ఇప్పుడు మేకలు తిరుగుతున్నాయి. మీ మగ్గాలవాడలోకీ వెళ్లాను. మీ ఇంటి గోడలు నిలిచే ఉన్నాయి. మగ్గం గుంతలో మాత్రం మట్టి గడ్డకట్టి ఉంది.

చెరువు అభివృద్ధి కమిటీ అని ఒకటి పుట్టింది. అధ్యక్షుడు రాజేశ్వర్ రావు, కట్ట రోడ్డు మీద హోటల్ ఉన్నాయన. ఎండాకాలంలో కూడా పడవలు నడవాలట. అందుకని మత్తడిని గజం ఎత్తు పెంచమంటున్నాడు. చెరువు నిండాక మిగులు నీళ్లు దుంకిపోయే దారి అది. దాన్ని ఎత్తు చేస్తే ఆ భారమంతా కట్ట మీద పడుతుంది, కట్ట కింద ఉన్నది మీ వాడ. కుదరదన్నాను. ఆయన నవ్వి, "మీరు కొత్తగ వచ్చిండ్రు మేడం, జర నిమ్మలంగ ఆలోచించుర్రి" అని కారెక్కి వెళ్లిపోయాడు.

ఇంకొక్క మాట. ఈ ఎండాకాలం ఇంటికి తిరిగి రావాలని బావ అనుకుంటున్నట్టు తెలిసింది. ఇల్లు బాగుచేయించే పని ఇప్పుడే మొదలుపెట్టకండి. ఎందుకో తర్వాత రాస్తాను.

నీ చెల్లె
సుహాసిని


నెక్కొండ
ఫిబ్రవరి 19

సుహాసినీ,

"ఎందుకో తర్వాత రాస్తాను" అనేదానివి ఆ ముందు మాట కూడా రాయకుండా ఉండాల్సింది. చిన్నప్పుడూ నీకు ఇదే రోగం. సగం చెప్పి నోరు మూసుకునేదానివి, మిగతా సగం కోసం నేను నీ వెంట ఇల్లంతా తిరగాలి. ఇప్పుడు నెక్కొండ నుంచి సుబేదారి దాకా తిరగాలా?

మా సంగతి చెబుతాను విను. స్టేషన్ అవతల రైసుమిల్లు వెనక గది మాది. గూడ్సు బండి పోయినప్పుడల్లా గోడలు అదురుతాయి, మగ్గం మీద పోగులు అదురుతాయి, మీ బావ నాడె విసరడం ఆపి బండి పోయేదాకా కూర్చుంటాడు. జంపఖానాలు నేయడం మానలేదు. నేను నూలు కండెలు చుడుతున్నాను. ఇక్కడి మనుషులు మంచివాళ్లే, కాదనను. కానీ రెండేళ్లయినా నేను ఇంకా చుట్టంలాగే ఉన్నాను. వరద రోజు ఇంట్లో నూలు కట్టలు తప్ప ఏదీ దక్కలేదు. ఆయన తెలివిగా వాటిని అటకెక్కించబట్టి కదా ఇక్కడికి వచ్చి మళ్లీ మగ్గం వేసుకోగలిగాం. ఆ తెలివికి నేను ఇప్పటికీ దండం పెడతాను.

గజం పెంచితే నీకేం పోయిందమ్మా? నిండు చెరువు ఉన్నప్పుడు ఆదివారం కట్ట మీద జంపఖానాలు పరిచి కూర్చుంటే వారం రోజుల అమ్మకం ఒక్క పూటలో అయ్యేది. చెరువు లేకపోతే మేము తిరిగొచ్చి ఎవరికి అమ్మాలి, మేకలకా? హోటలాయన చెడ్డవాడే కావచ్చు, ఈ ఒక్క మాట మాత్రం మా మేలుకే అన్నాడు.

వాడలోకి మళ్లీ వెళ్తే మా ఎదురింటి లింగమ్మను పలకరించు. అందరం తలోదిక్కు పోయినా ఆమె ఒక్కతే అక్కడ ఉంది. ఆ వరదలో పోయింది ఆమె కొడుకు పాండురంగం ఒక్కడే. తాగి కట్ట మీదికి పోయి పడ్డాడని వాడంతా అన్నది. అప్పటి నుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడటం లేదు.

ఇప్పుడు చెప్పు. ఇల్లు ఎందుకు బాగుచేయించుకోవద్దు?

నవత


సుబేదారి
మార్చి 8

అక్కా,

దాచి లాభం లేదు. ఇప్పుడున్న లెక్క ప్రకారం కొత్త మత్తడి పాతదానికి రెండింతల పొడవు ఉండాలి. అంత నీరు పోవాలంటే కింద కాలువ కూడా అంత వెడల్పు కావాలి. ఆ కాలువ మీ వాడ ముందు వరుస మీదుగా పోతుంది. మీ ఇల్లు, లింగమ్మ ఇల్లు, ఆ పక్కనున్నవీ అన్నీ పోతాయి. వచ్చే నెలలో గోడల మీద ఎర్ర రంగు గీతలు పెట్టాలి. పెట్టించాల్సింది నేనే.

ఇది చదివి ఉత్తరం చింపేస్తావని తెలుసు. మిగతాది చదివి చింపు.

రెండేళ్ల కింద రాసిన రిపోర్టులో, అతివృష్టి వల్ల చెరువు పొంగి నీళ్లు కట్ట మీదుగా పొర్లి కట్ట తెగిందని ఉంది. సద్దుల బతుకమ్మ మర్నాడు పొద్దున తెగింది కదా. ఆ రాత్రి కురిసిన వాన కొలత తీసి చూశాను. పెద్ద వానే. కానీ పాత మత్తడి తట్టుకోలేనంత వాన కాదు. అంతకంటే ఎక్కువ వానలకు కూడా ఆ మత్తడి దుంకింది, కట్ట నిలిచింది. మళ్లీ మళ్లీ లెక్క వేశాను. మత్తడి తెరిచి ఉంటే నీళ్లు కట్ట పైకి రావు. మూసి ఉంటేనే వస్తాయి.

అప్పుడు యాదికొచ్చింది. చెరువు గట్టున పార్కు కట్టినవాళ్లు బతుకమ్మలు వదిలే మెట్లు మరీ పైన కట్టారు. చెరువు నిండినా కింది మెట్టుకు నీళ్లు అందవు. ఆడవాళ్లు బతుకమ్మల్ని బురదలో వదలకూడదని, ఏటా పండుగకు ముందు వాడ మగవాళ్లు మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చేవాళ్లు. నీళ్లు మెట్ల దాకా లేచేవి. నేనూ మీ ఇంటికి పండుగకు వచ్చి ఆ నీళ్లలోనే బతుకమ్మను వదిలాను, ఇంజినీరునై ఉండి ఆ నీళ్లెలా లేచాయని అడగలేదు. సద్దుల బతుకమ్మ సాయంత్రం ఆడవాళ్లు ఇళ్లకు పోగానే ఆ ఏటి వంతు ఎవరిదో వాళ్లు వెళ్లి బస్తాలు తీసేయాలి.

ఆ సాయంత్రం తీశారా? వంతు ఎవరిది?

ఇది ఎందుకు అడుగుతున్నానంటే, మత్తడి మూసి ఉందని తేలితే లెక్కంతా మారిపోతుంది. పాత మత్తడిని కొంచెం పొడిగిస్తే చాలు. ఒక్క ఇల్లు కూడా పోనక్కర్లేదు. కానీ నా ఊహకు ఫైల్లో విలువ లేదు. ఈ ప్లాన్ గురించి మే నెలలో సభ పెడుతున్నారు, చూసినవాళ్లు ఎవరైనా దానికి వచ్చి అందరి ముందు చెప్పాలి.

సుహాసిని


నెక్కొండ
మార్చి 15

సుహాసినికి,

బస్తాలు తీశారు. మీ బావను అడిగే రాస్తున్నాను. ఆ ఏడు వంతు మాదే, ఆయనే తీశాడు.

చచ్చిపోయిన మనిషి ఉన్న వాడ అది. నువ్వు కుర్చీలో కూర్చుని బస్తాలు తీయలేదంటే, రేపు పోలీసులు వచ్చి ఎవరి వంతు అని అడుగుతారు. ఆ అడిగేది అక్క మొగుడినని నీకు తట్టలేదా? లేక తట్టే రాశావా? ఆ ఉత్తరం రాసింది చెల్లెలా, ఆఫీసరా, నాకు అర్థం కాలేదు.

గీతలు గీసుకోండి. మేము ఇక్కడే ఉంటాం. మళ్లీ ఆ సంగతి రాయకు.

నవత


సుబేదారి
ఏప్రిల్ 11

అక్కా,

బావ వంతు అని నాకు నిజంగా తెలియదు. తెలిస్తే అడిగేదాన్ని కానేమో. అడిగేదాన్నేమో కూడా. అదే నన్ను తినేస్తున్నది.

నిన్న గీతలు పెట్టించాను. లింగమ్మ గడప మీద కూర్చుని చూస్తూ ఉంది. రంగు డబ్బా పట్టుకున్న మనిషి వెనక్కి తగ్గాడు. నేను పక్కన కూర్చున్నాను. నీ పేరు చెబితే తల ఎత్తింది. ఇల్లు పోతున్నందుకు ఏడుస్తుందనుకున్నాను, ఆమె అడిగింది వేరు. "బిడ్డా, సదువుకున్నదానివి, నాకొకటి చెప్పు. నా కొడుకు పండుగనాడు గూడ ముట్టేటోడు గాదు. గంత పొద్దుగాల, గంత వానల, తాగి కట్ట మీదికి ఎందుకు వోతడు?" అన్నది. లేచి వచ్చేశాను. గీత మాత్రం పెట్టించే వచ్చాను.

నువ్వు రాయవద్దన్నా ఇదొక్కసారి రాస్తాను. బస్తాలు తీసి ఉంటే కట్ట తెగదు. నా లెక్క తప్పు కాదు. అయినా పొడవు మత్తడి ప్లాన్ మీద సంతకం పెట్టడానికే సిద్ధపడ్డాను. పోతే మీకు పోయేది ఇల్లే కదా, బావ మీద మాట రాకూడదు అనుకున్నాను. మా ఆఫీసు పెద్దసారు కూడా సభకు ముందే సంతకం పెట్టి ఇవ్వమంటున్నాడు. రాజేశ్వర్ రావు అయితే నాకు మిఠాయి డబ్బా పంపాడు. ముందు వరుస ఇళ్లు పోతే కాలువ పక్కన ఆయన హోటల్ ఎదురుగా పార్కు వస్తుంది.

పెన్ను తీశాక ఒకటి తోచింది. మెట్లు ఎక్కడున్నాయో అక్కడే ఉంటాయి. బతుకమ్మ వస్తుంది. మత్తడి రెండింతల పొడవైతే బస్తాలు రెండింతలు పేరుస్తారు. ఎందుకు తెగిందో ఎవరికీ తెలియకపోతే, మళ్లీ అలాగే తెగుతుంది. ఈసారి చెరువు నిండా పడవలుంటాయి, కట్ట నిండా పిల్లలుంటారు.

సంతకం ఇంకా పెట్టలేదు. భయంగా ఉంది అక్కా. పెట్టినా భయమే, పెట్టకపోయినా భయమే.

సుహాసిని


నెక్కొండ
ఏప్రిల్ 23

సుహా,

నీ ఉత్తరం నాకంటే ముందు మీ బావ చదివాడు. నేను నీళ్లకు పోయి వచ్చేసరికి మగ్గం ఆగి ఉంది. బండి ఏదైనా పోతోందేమో అనుకున్నాను. బండేం లేదు. నీ కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "పాండురంగం తాగలే" అన్నాడు.

ఆ సాయంత్రం తుంపర మొదలైందట. పొద్దున తీద్దాంలే అనుకుని ఇంటికొచ్చి పడుకున్నాడు. నేను అడిగితే తీశానన్నాడు, నేను నమ్మాను. తెల్లారుతుండగా, నేనింకా నిద్రలో ఉండగానే, పాండురంగం వచ్చి తలుపు కొట్టాడట. బస్తాలు తీశావా అని అడిగాడు. తీయలేదంటే, నడువు పోదాం అన్నాడు. ఈయన, "నువ్వు నడువు, నేనొస్తున్న" అన్నాడు. అప్పటికే గడపలోకి నీళ్లు వస్తున్నాయి. నూలు కట్టలు నేల మీద ఉన్నాయి. అవి అటకెక్కించి పోదామనుకున్నాడు. ఎక్కిస్తూ ఉండగానే కట్ట పోయిన చప్పుడు వినబడింది.

తర్వాత జనంలో ఎవరో, గా వానల ఎందుకు వోయిండు, తాగిండా ఏంది అన్నారు. ఈయన ఏమీ అనలేదు. మళ్లీ అడిగితే తల ఊపాడు. అంతే. ఆ తల ఊపుడే వాడంతా తిరిగింది. ఈ రెండేళ్లూ ఆ నూలు ఎత్తిపెట్టినందుకు నేను ఆయన తెలివిని మెచ్చుకుంటూ ఉన్నాను. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన లేచి బయటకు పోయేవాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

ఇప్పుడు సభకు వస్తానంటున్నాడు. అన్నం తినడం లేదు. నేను ఏడ్చాను, తిట్టాను, పోతే నేను రైలు పట్టాల మీదికి పోతానని కూడా అన్నాను. అట్లా అనకూడదు, కానీ అన్నాను. చెల్లే, నీకు దండం పెడతాను, సభకు ముందే ఆ పొడవు మత్తడి ప్లాన్ మీద సంతకం పెట్టెయ్. సంతకం అయిపోతే ఆయన వచ్చి చెప్పినా ఎవరికీ పనికి రాదు కదా. అప్పుడు ఆపగలుగుతాను. ఇల్లు పోనియ్. వాడ పోనియ్. నాకు మనిషి కావాలి. ఆయన తప్పు చేశాడు, కాదనను. అయినా నాకు ఆయన కావాలి.

ఇన్నేళ్లలో నిన్ను ఏదీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

నీ అక్క


సుబేదారి
మే 9

అక్కా,

ఈ ఉత్తరం బావ చేతికే ఇచ్చి పంపుతున్నాను. ముందు ఆయనకు అన్నం పెట్టి, తర్వాత చదువు.

నువ్వు అడిగింది నేను చేయలేదు. సంతకం పెట్టలేదు. నీ ఉత్తరం బ్యాగులో పెట్టుకునే తిరిగాను, జవాబు రాయడానికి చేతకాలేదు. లింగమ్మ అడిగిన దానికి జవాబు నీ ఉత్తరంలో ఉంది. అది తెలిశాక ఆ ప్లాన్ మీద నా పేరు రాసుకోలేకపోయాను. నన్ను తిట్టు. జన్మలో మాట్లాడనన్నా పడతాను.

సభ స్కూలు గ్రౌండ్‌లో పెట్టారు. వాడ నుంచి పోయిన వాళ్లు చాలామంది వచ్చారు. లింగమ్మ ఆడవాళ్ల వరుసలో చివరన కూర్చుంది. రాజేశ్వర్ రావు పడవల గురించి, లైట్ల గురించి చాలాసేపు మాట్లాడాడు. ఎవరైనా చెప్పేదుంటే చెప్పండి అనగానే బావ లేచాడు. మైకు దగ్గరికి వచ్చి నా వైపు చూడలేదు. నేనూ చూడలేకపోయాను.

"నా పేరు దేవదాస్. ఆ యేడు వంతు నాది. మత్తడి మీద బస్తాలు నేను తియ్యలే. పాండురంగం తియ్యవోయిండు. ఆయన తాగలే. నేను వస్తనని చెప్పి పోలే."

అంతే అన్నాడు. మైకు తిరిగి ఇచ్చి అక్కడే నిలబడ్డాడు. గ్రౌండ్ అంతా గోల. కేసు పెట్టాలని రాజేశ్వర్ రావు లేచాడు. ఒకాయన బావ మీదికి వచ్చాడు కూడా. అప్పుడు వెనక నుంచి మీ వాడ అనసూయమ్మ లేచి, మా ఇంటాయన వంతు వచ్చిన ఏడు కూడా మర్నాడే తీశాడు, ఆ ఏడు వాన రాలేదు కాబట్టి బతికిపోయాం అన్నది. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు అదే చెప్పారు. పెద్దసారు నా వైపు తిరిగి రాసుకోమన్నాడు. బావ పేరు రాశాను. వంతు ఆయనదని, బస్తాలు తీయలేదని రాశాను.

లింగమ్మ అందరూ చెప్పడం అయిపోగానే కొంగు దులుపుకుని లేచి వెళ్లిపోయింది. బావ ఆమె వెనకాలే గేటు దాకా పోయాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

ఎస్సై సాయంత్రం పిలిచి బావ దగ్గర వాంగ్మూలం తీసుకుని పంపించాడు. ముందు ముందు ఏమవుతుందో నేను అబద్ధం చెప్పలేను, నాకు తెలియదు. వకీలును చూశాను, నీతో మాట్లాడతాడు.

ప్లాన్ మారుస్తున్నాను. మత్తడి పాత ఎత్తులోనే ఉంటుంది. దాని పైభాగం గుండ్రంగా కడతాం, బస్తా పెడితే జారిపోయేలా. బతుకమ్మ మెట్లు కిందికి, నీళ్ల దాకా దింపుతున్నాను. పడవలకు లోతు కావాలంటే పూడిక తీయాలి, కట్ట మీద భారం వేయడం కాదు. పెద్దసారు ఒప్పుకున్నాడు. గీతలు చెరిపించడానికి మనిషిని పంపాను.

వాడ నిలిచింది అక్కా. మీరు వస్తారో రారో అడిగే హక్కు నాకు లేదు.

సుహాసిని


నెక్కొండ
జూన్ 2

సుహా,

నీ మీద కోపం తగ్గలేదు. తగ్గినప్పుడు చెబుతాను. కొన్నాళ్లు పడుతుంది.

నిన్న ఒక్కదాన్నే బండెక్కి వరంగల్ వచ్చాను. నీ దగ్గరికి రాలేదు, లింగమ్మ దగ్గరికి పోయాను. ఆయన పోతానంటే నేనే వద్దన్నాను. ముందు నేను పోయి ఆమె ఎంత తిట్టినా పడి వద్దామనుకున్నాను. దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూ పోయాను. ఆమె గడప ముందు చెప్పులు విడిచి నిలబడ్డాను.

లోపలికి రమ్మంది. గోడ మీద పాండురంగం ఫోటోకు దండ వేసి ఉంది. ఇదివరకు ఆ ఫోటో ట్రంకు పెట్టెలో ఉండేదట. తాగి చచ్చినవాడి ఫోటో గోడకెందుకని బంధువులు అంటే దించేసిందట. సభ నుంచి వచ్చిన రోజే తీసి పెట్టానని చెప్పింది. ఏడుపు ఆగక నేను ఆమె కాళ్ల మీద పడ్డాను. ఆమె నన్ను లేపలేదు. అలాగే కాసేపు ఉండనిచ్చింది.

తర్వాత, వాడ ఖాళీ చేసి నెక్కొండలోనే ఉండిపోతాం, నీ కంటికి కనబడం అన్నాను. ఆమె ఒప్పుకుంటుందనుకున్నాను. ఒప్పుకోవాలనే కోరుకున్నాను, నిజం చెబుతున్నాను. ఆమె మెల్లగానే అన్నది.

"ఆడ దాసుకుంటె నాకేమొస్తది? రెండేండ్ల సంది నా కొడుకును తాగుబోతును జేసిండ్రు, ఎవలింటి ముంగట నిలవడలేక లోపటనే ఉన్న. ఇప్పుడు మీరు ఉండాలె. పొద్దుగాల మీ ఆయన తలుపు తీస్తె ఎదురుంగ నేను కనవడాలె. వచ్చి ఉండుర్రి."

అన్నం పెట్టింది. తిన్నాను.

ఇంటికొచ్చి ఆమె అన్నది అన్నట్టు మీ బావకు చెప్పాను. ఆయన మగ్గం మీద సగంలో ఉన్న జంపఖానా కోసి పక్కన పెట్టి, మగ్గం పలకలు విప్పడం మొదలుపెట్టాడు. విప్పుతూ విప్పుతూ ఆగి, "రోజు గనవడ్తదా?" అని అడిగాడు.

"రోజు" అన్నాను.

ఆదివారం వస్తున్నాం.

నవత